కొట్టివేసిన పేరా

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురు నర్సాపురం నుంచి వచ్చింది. వాళ్ళమ్మ పంపిన అరిసెల డబ్బాతో బాటు, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన ఒక యోగ్యతాపత్రాన్ని కూడా నా చేతిలో పెట్టి, "మావయ్యా, నా పేపరు అచ్చయింది. ఇంటర్నేషనల్ జర్నల్లో!" అన్నది. బంగారు రంగు అంచు, గుండ్రటి ముద్ర, కింద ఎవరిదో సంతకం. అమ్మాయి న్యాయశాస్త్రం నాలుగో సంవత్సరం చదువుతోంది. వ్యాసం అంతరిక్ష న్యాయం మీద. రాజమండ్రి కోర్టులో గట్టు తగాదాలూ, పంపకాల దావాలూ చూసుకుంటూ ఇరవై ఏడేళ్ళు గడిపిన నాబోటివాడికి ఆ మాటే ఎంతో గొప్పగా వినిపించింది. మర్నాడు బార్ అసోసియేషనులో నలుగురికీ చెప్పుకోవాలని కూడా అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చుని వ్యాసం చదివాను. మర్నాడు ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిది పేజీల వ్యాసం. అంతరిక్షం ఎంత విశాలమైనదో చెబుతూ మొదలై, అంతర్జాతీయ సహకారం ఎంత అవసరమో చెబుతూ ముగిసింది. మధ్యలో ఐదు ఒప్పందాల పేర్లు, వాటి సంవత్సరాలు ఉన్నాయి. 1979 నాటి చంద్ర ఒప్పందాన్ని భారతదేశం ధ్రువీకరించిందని ఒకచోట ఉన్నది. అది తప్పు. మనదేశం 1982లో దానిమీద సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. సంతకానికీ ధ్రువీకరణకూ తేడా న్యాయ విద్యార్థికి తెలియకపోతే తప్పు విద్యార్థిది. అచ్చువేసిన సంపాదకుడికి తెలియకపోతే? అప్పుడిక ఆ సంపాదకుడనేవాడు ఉన్నాడా అన్నదే సందేహం.

పొద్దున్న కాఫీ దగ్గర అడిగాను.

"ఎన్ని రోజుల్లో అచ్చయిందమ్మా?"

"మూడ్రోజులే మావయ్యా. సోమవారం పంపితే గురువారం ఓకే అన్నారు."

"ఎవరైనా చదివి దిద్దుబాట్లేమైనా చెప్పారా?"

"ఫాంటు మార్చమన్నారు."

"డబ్బేమైనా కట్టావా?"

"పద్ధెనిమిది వందలు. సర్టిఫికెట్టు హార్డ్ కాపీకి ఇంకో మూడొందలు."

ఇంతవరకూ ఇది కొత్త సంగతేమీ కాదు. ఇటువంటి పత్రికల గురించి చాలామంది వ్రాశారు. నన్ను బాధపెట్టినది వేరొకటి. ఆ వ్యాసంలో ఉండవలసిన ఒక పేరా లేదు. అది ఉండవలసినదని నాకెలా తెలుసునంటే, ఆ ప్రశ్న పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

అంతకు ముందటి ఏడాది మేమిద్దరం అంతర్వేది వెళ్ళి, తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాము. పంటు మీద మా పక్కన అంతర్వేది పల్లిపాలేనికి చెందిన ఒక బోటు సరంగు నిలబడి ఉన్నాడు. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తున్న దృశ్యాన్ని ఎవరో కుర్రవాడు ఫోనులో చూస్తుంటే, ఆయన కూడా తొంగిచూసి, "పైకి పోయేది చూపిత్తారు గానీ, కిందికి రాలేదా ఏటి?" అన్నాడు. అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. "మావయ్యా, ఆ ముక్క వీళ్ళ బోటు మీద పడితే డబ్బెవరిస్తారు?" అని అడిగింది. నేను ప్లీడరు ధోరణిలో, "గవర్నమెంటే ఇస్తుంది, ఇంకెవరిస్తారు" అనేసి ఊరుకున్నాను. పది రోజుల తరువాత ఫోను చేసి, "ఇవ్వాలని ఎక్కడా లేదు మావయ్యా" అన్నది.

ఆమె చెప్పినది నిజమే. సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ టపా అంతా దానిమీదే ఆధారపడి ఉంది.

అంతరిక్ష న్యాయానికి మూలస్తంభం 1967 నాటి అంతరిక్ష ఒప్పందం. ఒక దేశపు ప్రైవేటు సంస్థలు అంతరిక్షంలో చేసే పనులకు కూడా ఆ దేశమే బాధ్యత వహించాలని, వాటికి అనుమతి ఇవ్వడమే గాక నిరంతరం పర్యవేక్షించాలని అందులో ఆరవ అధికరణం అంటుంది. నష్టపరిహారం సంగతిని 1972 నాటి బాధ్యతా ఒప్పందం విపులంగా చెబుతుంది. ప్రయోగించిన వస్తువు భూమిమీద పడి నష్టం కలిగిస్తే, ప్రయోగించిన దేశానిదే సంపూర్ణ బాధ్యత. తప్పు ఎవరిదని నిరూపించనక్కరలేదు. 1978 జనవరిలో సోవియట్ యూనియనుకు చెందిన కాస్మోస్ 954 ఉపగ్రహం, లోపల అణు రియాక్టరుతో సహా, కెనడా ఉత్తర ప్రాంతంలో కూలిపోయింది. కెనడా తమ డాలర్లలో 60 లక్షల పైచిలుకు అడిగింది. చివరికి 1981లో 30 లక్షలకు ఒప్పందం కుదిరింది. ఆ రెండు దేశాలూ ఎన్నో విషయాలలో ఒకరినొకరు నమ్మని రోజులవి. అయినా డబ్బు చేతులు మారింది.

ఇక్కడివరకూ బాగానే ఉంది. అదే బాధ్యతా ఒప్పందంలో ఏడవ అధికరణం ఒకటున్నది. ప్రయోగించిన దేశం తన సొంత పౌరులకు కలిగించిన నష్టానికి ఈ ఒప్పందం వర్తించదని దాని సారాంశం. దేశానికీ దేశానికీ మధ్య ఒడంబడిక గనక, ఇంటి సంగతి ఇంట్లోనే చూసుకోమన్నారు. అది న్యాయమే. కాని ఇంట్లో చూసుకోవడానికి ఇంట్లో చట్టం ఉండాలి కదా! మన అంతరిక్ష విభాగం 2017 నవంబరులో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను ప్రకటించి ప్రజల అభిప్రాయాలు కోరింది. అది పార్లమెంటు గడప తొక్కలేదు. 2020లో ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ ఏర్పడింది. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ తన విక్రమ్-ఎస్ రాకెట్టును శ్రీహరికోట నుంచే ఎగురవేసింది. 2023లో భారత అంతరిక్ష విధానం వచ్చింది. విధానం వేరు, చట్టం వేరు. విధానాన్ని పట్టుకుని కోర్టుకెళ్ళి ఇంత నాకు రావాలని అడిగే హక్కు సరంగుకు రాదు.

2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ అనే ఊరి దగ్గర సముద్రతీరానికి ఒక పెద్ద లోహపు డ్రమ్ము కొట్టుకొచ్చింది. అది మన పి.ఎస్.ఎల్.వి. మూడవ దశకు చెందినదై ఉండవచ్చునని అక్కడి అంతరిక్ష సంస్థ తేల్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని అయి ఉంటే? గ్రీన్ హెడ్ జాలరికి దెబ్బ తగిలితే, అతని పక్షాన ఆస్ట్రేలియా ప్రభుత్వం భారతదేశాన్ని అడగడానికి అంతర్జాతీయ ఒప్పందం ఉన్నది. అదే ముక్క అంతర్వేది జాలరి మీద పడితే ఆ ఒప్పందం అతన్ని తాకదు. విచిత్రమేమిటంటే, వేరే దేశపు రాకెట్టు ముక్క పడితే మన ప్రభుత్వం అతని తరఫున అడగవచ్చు. మన రాకెట్టు ముక్క అయితేనే అతను ఒంటరి.

దారి అసలే లేదనను. 1986 డిసెంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పని చేసేవాడు తన జాగ్రత్తలు ఎన్ని చెప్పుకున్నా నష్టాన్ని పూర్తిగా భరించవలసిందేనన్న సూత్రాన్ని చెప్పింది. ఆ తాడు పట్టుకుని హైకోర్టుకెక్కవచ్చు. అయితే ఢిల్లీలో ఒక కర్మాగారం నుంచి వెలువడిన విషవాయువు గురించి చెప్పిన సూత్రం ప్రభుత్వపు రాకెట్టుకు ఎంతవరకు వర్తిస్తుంది? అంతరిక్ష చట్టం వస్తే అందులో స్వదేశీ బాధితుడికోసం ఏ వాక్యం ఉండాలి? ఇదీ మా అమ్మాయి వ్రాయవలసిన వ్యాసం. ఇందులో నిజమైన ప్రశ్న ఉన్నది, నిజమైన మనిషి ఉన్నాడు. శాసనం వ్రాసే రోజున ఎవరికైనా పనికివచ్చే సంగతి ఉన్నది.

మొదటి చిత్తుప్రతిలో ఆ పేరా ఉన్నదట. పంపే ముందు కొట్టేసిందట.

"ఎందుకు కొట్టేశావమ్మా?" అన్నాను.

"ఇంటర్నేషనల్ జర్నల్ కదా మావయ్యా. అంతర్వేది, పల్లిపాలెం అని రాస్తే నవ్వుతారేమో అనిపించింది. అక్కడ స్టేక్‌హోల్డర్లు అని పెట్టాను."

ఈ ఒక్క మాటకోసమే ఇదంతా వ్రాస్తున్నాను. పద్ధెనిమిది వందలు పోతే పోయాయి. కాని ఒక పల్లె పేరు వ్రాస్తే పాండిత్యం పలచబడుతుందని ఆ పిల్లకు ఎవరు నేర్పారు? ఏ ఒక్కరూ కాదు, అందరం కలిసి నేర్పాము. అందులో నా వాటా కూడా ఉన్నది. "రెజ్యూమేలో ఒక పబ్లికేషనుంటే ఇంటర్న్‌షిప్పు సులువుగా వస్తుందమ్మా" అని అంతకు ముందు దీపావళికి చెప్పినవాణ్ణి నేనే. ఏం వ్రాయాలో చెప్పలేదు, ఎక్కడ వ్రాయాలో చెప్పలేదు. ఒకటుండాలి అని మాత్రం చెప్పాను. అవసరాన్ని మనం పుట్టించాక, అమ్మేవాడు పుట్టకుండా ఉంటాడా?

ఈ వ్యాపారంలో మన తెలుగునేల వెనకబడి ఏమీ లేదు. హైదరాబాదు కేంద్రంగా వందల కొద్దీ వైజ్ఞానిక పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. రుసుముల సంగతి రచయితలకు సరిగా చెప్పలేదనీ, సమీక్ష జరిగినట్టు తప్పుగా చెప్పుకున్నారనీ ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. 2020లో అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయపరచింది. మన విశ్వవిద్యాలయాల నిధుల సంఘమైతే 2018 మేలో, తాను ఆమోదించిన జాబితా నుంచి తానే 4,305 పత్రికలను తొలగించింది. 2019లో కేర్ అనే మరో జాబితా తెచ్చింది. 2025లో దానికీ స్వస్తి చెప్పి, మంచిచెడ్డలు విద్యాసంస్థలే తేల్చుకోవాలన్నది. ఇక యోగ్యతాపత్రం మీద మెరిసే ఐ.ఎస్.ఎస్.ఎన్. అంటారా, అది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన డ్రైవరుకు నడపడం వచ్చినట్టు కాదు.

రెండోవైపు మంచి పత్రికలున్నాయి. మిసిసిపీ విశ్వవిద్యాలయం నుంచి 1973లో మొదలైన 'జర్నల్ ఆఫ్ స్పేస్ లా', కెనడాలో మెక్‌గిల్ నుంచి 1976లో మొదలైన 'ఆనల్స్ ఆఫ్ ఎయిర్ అండ్ స్పేస్ లా' ఆ కోవలోవి. మనకు దగ్గరలో, హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో 2005 నుంచి వాయు, అంతరిక్ష న్యాయాలకు ప్రత్యేక కేంద్రమే ఉన్నది. మాన్‌ఫ్రెడ్ లాక్స్ పేర 1992 నుంచి జరుగుతున్న విద్యార్థుల అంతరిక్ష న్యాయ వాదపోటీ ఉన్నది. దాని తుది పోటీకి అంతర్జాతీయ న్యాయస్థానపు న్యాయమూర్తులే వచ్చి కూర్చుంటారు. ఇవన్నీ ఉన్నా డెల్టాలో ఒక ప్రైవేటు కళాశాల విద్యార్థికి అవి అద్దాల బీరువాలోని పుస్తకాలే. విదేశీ పత్రికలో ఒక్క వ్యాసం చదవాలంటే ముప్పై నలభై డాలర్లు అడుగుతారు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, సుమారు 13,000 పత్రికలు. మంచి పనే. కాని మొదటి దశ ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉద్దేశించినది. మా అమ్మాయి చదివేది ప్రైవేటు కళాశాల. కాలువకు నీళ్ళు వదిలారు గాని, శివారు భూములకు ఇంకా అందలేదు. ఆ సంగతి డెల్టావాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడే మనం ఒక విషయం మరచిపోతున్నామని నాకనిపిస్తుంది. న్యాయశాస్త్రంలో అసలు సరుకు మూలపాఠం. ఐక్యరాజ్యసమితి ఒప్పందాల పాఠాలు అంతర్జాలంలో ఉచితంగా ఉన్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఉచితం. 2017 నాటి ముసాయిదా బిల్లు, 2023 నాటి విధానం ఉచితం. అంతరిక్ష ఒప్పందం మొత్తం 17 అధికరణాలు. ఒక సాయంత్రంలో చదవవచ్చు. ఆస్తి చట్టంలో కొత్త సంగతి చెప్పాలంటే నూట యాభై ఏళ్ళ తీర్పుల గుట్ట ఎక్కి దిగాలి. అంతరిక్ష న్యాయంలో గుట్ట ఇంకా పెరగలేదు. శ్రద్ధగల విద్యార్థి మూలపాఠాన్ని రెండుసార్లు చదివి, ఏడవ అధికరణం దగ్గర ఆగి ఒక ప్రశ్న వేయగలిగితే, ఆ ప్రశ్న ప్రపంచంలో ఎక్కడైనా నిలబడుతుంది. మా అమ్మాయి సరిగ్గా అదే చేసింది. చేసి, చెరిపేసింది.

చిన్న ఊరి నుంచి ఈ శాస్త్రంలో ఏం చేస్తామని ఎవరైనా అంటే వారికి ఒక సంగతి చెప్పాలి. అంతరిక్ష న్యాయం మీద మొట్టమొదటి పుస్తకంగా పండితులు లెక్కపెట్టేది 1932లో వెలువడింది. వ్రాసినవాడు వ్లదిమీర్ మాండల్, అప్పటి చెకోస్లొవేకియాలో ప్లెజెన్ అనే పట్టణపు న్యాయవాది. అప్పటికి స్పుత్నిక్ పైకి లేవడానికి ఇంకా ఇరవై అయిదేళ్ళున్నది. ఆయన 1941లో, అంటే ఆ శాస్త్రానికి పని పడకముందే, కన్నుమూశాడు. లండనులోనో పారిస్‌లోనో ఉంటే తప్ప ఇటువంటివి ఆలోచించకూడదని ఆయన అనుకోలేదు. విద్యార్థుల సంగతికి వస్తే, హార్వర్డు లా రివ్యూ 1887 నుంచి విద్యార్థులు నడుపుతున్న పత్రిక. ఏకాంతపు హక్కు గురించి వారెన్, బ్రాండైస్ వ్రాసిన వ్యాసాన్ని 1890లో అచ్చువేసింది ఆ పత్రికే. నూట ఇరవై ఏడేళ్ళ తరువాత, 2017 ఆగస్టులో మన సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు ఆ వ్యాసాన్ని తలచుకుంది. న్యాయశాస్త్రంలో విద్యార్థి ఎప్పుడూ ప్రేక్షకుడు కాదు.

ఈ మాటలు నా మిత్రుడొకాయనతో అన్నాను. ఆయన న్యాయ కళాశాలలో చాలాకాలం పాఠం చెప్పినవాడు. మూడు ఆక్షేపణలు చెప్పాడు. మూడూ తోసివేయదగినవి కావు.

మొదటిది: "రాకెట్టు ముక్క జాలరి మీద పడటం కోటికొక్కసారి జరిగే మాట. ప్రయోగానికి ముందే సముద్రంలో తిరిగేవాళ్ళకు హెచ్చరికలు పోతాయి. ఇది కాలక్షేపపు ప్రశ్న." నిజమే, అరుదే. శ్రీహరికోట 2025 జనవరిలో నూరవ ప్రయోగం పూర్తిచేసుకుంది, మన తీరంలో మనుషులు బాగానే ఉన్నారు. ఆ జాగ్రత్తకు దండం పెట్టవలసిందే. కాని సంపూర్ణ బాధ్యత అనే సూత్రం పుట్టినదే అరుదైన ప్రమాదంకోసం. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో మంట లేచి రెండు నెలలకు పైగా మండేదాకా కోనసీమలో ఎవరికీ బ్లోఅవుట్ అనే మాట తెలియదు. 2014 జూన్‌లో నగరంలో గ్యాసు గొట్టం పేలేదాకా, కొబ్బరితోటల కింద ఏముందో ఎవరూ అడగలేదు. అడగవలసిన ప్రశ్నను ముందే అడిగిపెట్టుకోవడానికే కదా చదువులు! దేశానికి అవసరమైన పెద్ద పని తమ పెరట్లో జరిగితే ఏమవుతుందో డెల్టా పిల్లలకు పుస్తకం చదవనక్కరలేకుండానే తెలుసు. ఆ ఎరుక వారి వ్యాసంలోకి ఎందుకు రాకూడదు?

రెండవది: "ఆంగ్లంలో, ఆ పద్ధతిలో వ్రాయకపోతే ఎవరూ పట్టించుకోరు." ఆంగ్లంలో వ్రాయవద్దని నేననలేదు. మాండల్ తన తల్లిభాష చెక్ అయినా ఆ పుస్తకాన్ని జర్మనులో వ్రాశాడు. భాష ఎవరిదైనా కావచ్చు, ప్రశ్న మాత్రం సొంతం కావాలి. మనవాళ్ళు తరచుగా చేస్తున్నది దీనికి తలకిందులు. ప్రశ్నను అరువు తెచ్చుకుని, దానికి సొంత తప్పులు చేర్చి పంపుతున్నారు.

మూడవ ఆక్షేపణకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. "నువ్వు చెప్పిన వ్యాసం వ్రాయడానికి ఆర్నెల్లు పడుతుంది. పక్క పిల్లవాడు ఆర్నెల్లలో ఆరు సర్టిఫికెట్లు తెచ్చుకుంటాడు. ఇంటర్వ్యూలో కూర్చునేవాడు చదవడు, లెక్కపెడతాడు." అవును, లెక్కపెడతాడు. ఆ లెక్క మారేదాకా నిజాయితీగా వ్రాసే పిల్ల నష్టపోవచ్చు. అందుకే ఈ బరువు పిల్లల మీద మాత్రమే పెట్టడం అన్యాయం. ఇంటర్న్‌షిప్పు ఇచ్చే న్యాయవాదులు, ప్రవేశాలు చూసే అధ్యాపకులు, జాబితాలోని వ్యాసాలలో ఏ ఒక్కదాన్నయినా తెరిచి రెండు పేజీలు చదివి, దానిమీద ఒక ప్రశ్న అడిగితే చాలు. నేను నా వంతుగా ఇకముందు నా ఆఫీసుకు వచ్చే పిల్లలను అలాగే అడగదలచుకున్నాను.

మన కళాశాలలు చేయగలిగిన పనులు రెండు నాకు తోస్తున్నాయి. రెండింటికీ ఖర్చు లేదు.

మొదటి పని అనువాదం. అంతరిక్ష ఒప్పందపు పదిహేడవ అధికరణం, ఆంగ్ల, రష్యన్, ఫ్రెంచి, స్పానిష్, చైనీస్ పాఠాలు అయిదూ సమానంగా ప్రామాణికమని చెబుతుంది. ప్రామాణికత వాటికే ఉండనీయండి, అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠం ఉంటే ఎవరికి అభ్యంతరం? ఒక తరగతిలో పదిహేడుగురు విద్యార్థులు తలొక అధికరణం తీసుకోవచ్చు. మొదటి అధికరణంలోనే చిక్కొస్తుంది. అంతరిక్షపు అన్వేషణ, వినియోగం మానవాళి అందరి 'ప్రావిన్స్' అన్నారు. దానికి తెలుగేమిటి? సొత్తు అంటే కుదరదు, ఏ దేశమూ అంతరిక్షాన్ని సొంతం చేసుకోరాదని రెండవ అధికరణం అడ్డుపడుతుంది. ఉమ్మడి వారసత్వం అందామంటే అది 1979 చంద్ర ఒప్పందపు మాట, దానికి వేరే అర్థముంది. అధికార క్షేత్రం అందామా, హక్కుభుక్తం అందామా? ఆ ఒక్క మాట మీద తరగతి గంటసేపు కొట్టుకుంటే, తొమ్మిది పేజీల స్టేక్‌హోల్డర్ల వ్యాసం నేర్పనిది నేర్పుతుంది. మాటకు మాట వెతికేటప్పుడే మనకు మూలం ఎంత అర్థమయిందో, ఎంత కాలేదో బయటపడుతుంది.

రెండవ పని, మన ఊరి ప్రశ్నల మీద చిన్న వ్యాసాలు. మూడు పేజీలు చాలు. ఒక మూలపాఠం, ఒక స్థానిక ప్రశ్న, అచ్చయ్యే ముందు ఒక అధ్యాపకుడు నిజంగా చదివి దిద్దడం. ప్రశ్నలకు కొదవ లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్యసమితి దూర సంవేదనపై సూత్రాలను ఆమోదించింది. ఉపగ్రహం ఏ దేశపు నేలను చిత్రిస్తుందో ఆ దేశానికి ఆ సమాచారం అందాలన్నది వాటిలో ఒకటి. దేశానికి సరే, లంకలో మునిగిన రైతుకు ఆ చిత్రం అందాలా? వరిచేను చేపల చెరువుగా మారిందని ఉపగ్రహచిత్రం చూపిస్తే, కోర్టులో అది సాక్ష్యంగా ఎలా నిలబడాలి? వేట బోట్లకు అమరుస్తున్న ట్రాన్స్‌పాండరు ద్వారా తెలిసే బోటు జాడ ఎవరి సొత్తు? ఇవి భీమవరంలోనో, కాకినాడలోనో, రాజమండ్రిలోనో కూర్చున్న విద్యార్థి ఢిల్లీ విద్యార్థికంటే బాగా వ్రాయగల వ్యాసాలు. అచ్చువేయడానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పెట్టి కచేరీలలోని లంచాల సంగతి తెలుగులో వ్రాసినది ఈ ఊరి నుంచే. ఆయన ఏ దేశాంతరపు ముద్రకోసమూ ఎదురుచూడలేదు. ఈనాడు కళాశాలకొక వెబ్ పేజీ ఉన్నది. అందులో ప్రిన్సిపాలు గారి సందేశం పక్కన, పిల్లల వ్యాసాలకు కాస్త చోటు దొరకదా?

ఇక మా అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. సంక్రాంతి తరువాత ఆ పత్రికకు ఉత్తరం వ్రాసింది, చంద్ర ఒప్పందం గురించిన తప్పు దిద్దమనో, లేకపోతే వ్యాసం తీసివేయమనో. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఉపసంహరణ రుసుము మూడు వేలట! అచ్చువేయడానికంటే తీసివేయడానికే ఎక్కువ. కట్టవద్దన్నాను. ఆ వ్యాసం, ఆ తప్పు, ఆమె పేరు ఇంకా అక్కడే ఉన్నాయి. రెజ్యూమేలో ఆ వరుసను ఆమే తీసేసింది. నేను చెప్పలేదు.

ఇప్పుడు కొత్తగా వ్రాస్తోంది. ఇప్పటికి ఆరు పేజీలయింది. మొదటి వాక్యం అంతర్వేది పల్లిపాలెంతోనే మొదలవుతుంది. మెహతా తీర్పును ప్రభుత్వానికి అన్వయించే చోట వాదన ఇంకా బలహీనంగా ఉన్నది. అక్కడ ఎర్రసిరా బాగానే ఖర్చయింది. మొన్న రాత్రి ఫోను చేసి ఒక సందేహం అడిగింది.

"మావయ్యా, సరంగు అని రాయనా, బోట్ ఆపరేటర్ అని రాయనా?"

"సరంగు అనే రాయమ్మా. కింద అధోజ్ఞాపికలో అర్థం చెప్పు."